తోక ఫోటోతో తిమింగలం ప్రయాణాన్ని పట్టుకోవడం ఎలా?

2013లో కొలంబియా పసిఫిక్ తీరంలోని ట్రిబుగా అఖాతంలో ఒక మగ హంప్‌బ్యాక్ తిమింగలం తోక ఎత్తి మునిగింది. పడవలో ఉన్నవాళ్లు ఫోటో తీసుకున్నారు. 2017లో అదే తీరంలో మళ్లీ కనబడింది. తర్వాత 2022లో ఆఫ్రికాకు అవతల, జాంజిబార్ దగ్గర తీసిన ఒక ఫోటోలో అదే తోక! రెండు చోట్ల మధ్య భూగోళం మీద దగ్గరి దారిన కొలిచినా 13,046 కిలోమీటర్లు. దానికి ఎవరూ ఆచూకీ చెప్పే ట్యాగ్ తగిలించలేదు, ఎవరూ వెంటపడలేదు. ఎక్కడెక్కడో తీసిన ఫోటోలు ఒకే చోటికి చేరాయి, అంతే.

ఈ పని మీరూ చేయొచ్చు. తిమింగలాలు కనిపించే సముద్రంలో ఒక్క ట్రిప్పుకి వెళ్లినా చాలు, ఎప్పుడో వెళ్లొచ్చిన పాత ఫోటోలున్నా చాలు. కావాల్సినవి మూడే: గుర్తుపట్టగలిగే ఫోటో, సరైన తేదీ సమయం, సరైన చోటు. చాలామంది మొదటిదాని మీదే ప్రాణం పెడతారు. తీరా చూస్తే పనికిరాకుండా పోయేది మిగతా రెండూ లేకే. తేదీ తెలియని అద్భుతమైన తోక ఫోటో గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది గానీ, ప్రయాణం గురించి ఏమీ చెప్పదు.

ముందు ఏ భాగం తీయాలో తెలుసుకోండి

అన్ని తిమింగలాలనూ తోకతో గుర్తుపట్టలేం. ఏ జాతికి ఏది వేలిముద్రలా పనిచేస్తుందో బయల్దేరేముందే తెలుసుకోవాలి.

హంప్‌బ్యాక్‌కి తోక అడుగుభాగం. అక్కడి నలుపు తెలుపుల అమరిక, వెనక అంచున ఉండే రంపపు పళ్లలాంటి గాట్లు, మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. లోతుకు మునిగేటప్పుడు తరచూ తోక పైకెత్తడం దీని అలవాటు. ఈ పద్ధతి దీనితోనే అంత పేరు తెచ్చుకోవడానికి కారణం అదే. స్పెర్మ్ వేల్ తోక దాదాపు అంతా ఒకే రంగు కాబట్టి దాని వెనక అంచులోని చిరుగులే ఆధారం. నీలి తిమింగలానికి వెన్ను రెక్క చుట్టుపక్కల ఒంటి మీదుండే బూడిదరంగు మరకలు చూస్తారు. ఎడమ పక్క మరకలకూ కుడి పక్క మరకలకూ పొంతన ఉండదు, అందుకని రెండు పక్కలా తీయాలి. ఫిన్ వేల్ దవడ కుడి పక్క తెల్లగా, ఎడమ పక్క నల్లగా ఉంటుంది. దీన్ని కుడి వైపు నుంచి తీయకపోతే సగం పని పోయినట్టే. రైట్ వేల్‌కి తల మీద గరుకుగా, కాయకట్టినట్టుండే చర్మపు దిబ్బలుంటాయి. వాటి మీద కాపురముండే తిమింగలపు పేల వల్ల అవి తెల్లగా కనబడతాయి. ఓర్కాకి, అంటే కిల్లర్ వేల్‌కి, వెన్ను రెక్క ఆకారం, దాని వెనకుండే జీను ఆకారపు మచ్చ. కెనడా పశ్చిమ తీరంలో మైకేల్ బిగ్ అనే పరిశోధకుడు 1970లలో ఈ మచ్చల సాయంతోనే ఓర్కాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

ఇక్కడినుంచి హంప్‌బ్యాక్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సులువు.

పడవ ఎక్కేముందు గడియారం సరిచేయండి

లెన్స్ గురించి అడిగినంతమంది గడియారం గురించి అడగరు. ఒకసారి నా కెమెరాలో ఏఎం, పీఎం తారుమారయ్యాయి. పొద్దున 9 గంటలకు తీసినవన్నీ రాత్రి 9కి తీసినట్టు నమోదయ్యాయి. ఫోటోల్లో ఎండ కనబడుతోంది కాబట్టి తప్పు తెలిసింది. ఒకటి రెండు గంటల తేడా అయితే ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ తేడాకి పడవ ఎన్నో కిలోమీటర్లు వెళ్లిపోతుంది, ఫోటోకి రాసుకున్న చోటు మొత్తం తప్పవుతుంది.

దీనికి మంచి చిట్కా ఒకటుంది. రోజులో మొదటి ఫోటోగా మీ ఫోన్‌లో సెకన్లతో సహా కనిపించే గడియారాన్ని తీయండి. కెమెరా టైమ్ ఎంత తప్పున్నా ఈ ఒక్క ఫ్రేమ్‌తో తర్వాత అన్నీ సరిచేసుకోవచ్చు. ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ నమోదు చేసే యాప్ ఏదైనా పెట్టి రోజంతా నడవనివ్వండి. ఏ టైమ్ జోన్‌లో ఉన్నారో పుస్తకంలో రాసుకోండి. దేశాలు దాటి వచ్చినవాళ్లు కెమెరాలో ఇంటి టైమే వదిలేయడం మామూలే.

లెన్స్ 300 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యేది ఉంటే హాయి. షట్టర్ స్పీడ్ సెకనులో 1000వ వంతు, లేదా అంతకంటే వేగం. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, పెంచండి, కాస్త గరుకుగా వచ్చినా పర్లేదు. గరుకు ఫోటోలో గాట్లు కనబడతాయి, కదిలిపోయిన ఫోటోలో కనబడవు. ట్రైపాడ్ ఇంట్లోనే పెట్టండి. పడవ ఇంజిన్ వణుకంతా దాని కాళ్లలోంచి కెమెరాలోకి ఎక్కుతుంది.

నీటి మీద

హంప్‌బ్యాక్ పైకొచ్చాక వరుసగా కొన్ని ఊపిర్లు తీస్తుంది. ప్రతిసారీ తుంపర లేస్తుంది, వెన్ను కనబడుతుంది, మళ్లీ కిందికి జారుతుంది. ఈ సమయంలో షట్టర్ నొక్కుతూ కూర్చోకండి. ఒక ఊపిరి తర్వాత వెన్ను మామూలు కంటే ఎత్తుగా, విల్లులా వంగుతుంది. అదే సూచన. ఆ వెంటనే తోక మొదలు కనబడుతుంది, రెండు మూడు సెకన్లలో తోక లేస్తుంది. వెన్ను వంగగానే దాని మీద ఫోకస్ పట్టి, తోక లేచి మునిగేదాకా వరసగా తీస్తూనే ఉండండి. తోక లేచాక ఫోకస్ కోసం వెతికితే కెమెరా దాని మీంచి కారే నీళ్లను పట్టుకుంటుంది.

తోక అడుగుభాగం తిమింగలానికి వెనక ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. పడవ పక్కగా ఉంటే కత్తి అంచులా సన్నటి గీత వస్తుంది. ముందుంటే పైభాగం వస్తుంది, దాంతో పని తక్కువ. అందుకని సరిగ్గా వెనక, దూరంగా ఉండాలి. వెనక ఉండమన్నాను కదా అని తరమకూడదు. అది మునిగిన చోట నీటి మీద నూనె పోసినట్టు నున్నటి మడుగు ఒకటి కాసేపు నిలుస్తుంది. తిమింగలం ఎటు వెళ్తోందో ఆ మడుగుల వరసను బట్టి తెలుస్తుంది. ఇంజిన్ తగ్గించి ఆగితే మళ్లీ పైకొస్తుంది. ఐదు నిమిషాలు పట్టొచ్చు, పదిహేను పట్టొచ్చు.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చన్నది దేశాన్ని, జాతిని బట్టి మారుతుంది. హవాయిలో హంప్‌బ్యాక్‌కి 100 గజాల లోపుకు వెళ్లకూడదు. ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్‌కైతే అమెరికా చట్టం ప్రకారం 500 గజాలు. డ్రోన్‌కి చాలాచోట్ల విడిగా అనుమతి కావాలి. 300 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నప్పుడు 100 గజాలు పెద్ద దూరమేమీ కాదు.

రెండు తిమింగలాలు కలిసి ఉంటే ఒకదాని ఫోటోలు ఇంకోదానితో కలిసిపోతాయి. దీనికి పాత ఉపాయమే ఉంది. ఒకటి మునగగానే మీ అరచేతినో, ఆకాశాన్నో ఒక ఫోటో తీయండి. తర్వాత చూసుకునేటప్పుడు అరచేయి వచ్చిందంటే అక్కడినుంచి ఇంకో జంతువని అర్థం. నవ్వొస్తుంది గానీ రాత్రి 400 ఫోటోల ముందు కూర్చున్నప్పుడు ఆ అరచేయి దేవుడిలా కనబడుతుంది.

పుస్తకంలో సమయం, చోటు, ఎన్ని ఉన్నాయి, పిల్ల ఉందా, ఏం చేస్తున్నాయి రాయండి. తోక ఎత్తకుండా మునిగినవాటినీ రాయండి, వాటి వెన్ను రెక్కను రెండు పక్కలా తీయండి. చిన్న రెక్కే అయినా గాట్లు, మచ్చలు దాని మీదా ఉంటాయి. అమెరికా తూర్పు తీరంలో 1970ల నుంచీ కనబడుతున్న ‘సాల్ట్’ అనే ఆడ హంప్‌బ్యాక్‌కి ఆ పేరు వచ్చింది, వెన్ను రెక్క మీద ఉప్పు చల్లినట్టుండే తెల్లమచ్చల వల్లే.

ఇంటికొచ్చాక

అసలు ఫైళ్లను ముట్టుకోకండి. ఒక కాపీ తీసి దాని మీద పని చేయండి. ప్రతి జంతువుకీ ఒకటో రెండో మంచి ఫ్రేములు ఎంచి, తోక చుట్టూ కొంచెం జాగా వదిలి క్రాప్ చేయండి. వెలుతురు కాస్త పెంచడం, తగ్గించడం ఫర్వాలేదు. ఏఐతో ఫోటోను పదునుపెట్టే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. లేని అంచును అవి అందంగా గీసిపెడతాయి. మనకు అంచే కదా ప్రాణం.

కుడి ఎడమలు తిరగబడకుండా చూసుకోండి. వెనకనుంచి తీసిన ఫోటోలో తిమింగలం ఎడమ మన ఎడమే. పాత ఫిల్మ్ స్లైడ్లను స్కాన్ చేసేటప్పుడు తిప్పి పెట్టడం సులువుగా జరిగిపోతుంది. అలా అద్దంలో బొమ్మలా మారిన తోక ఏ కాటలాగ్‌లోనూ, అంటే గుర్తుపట్టిన తిమింగలాల ఫోటోల జాబితాలోనూ, దొరకదు.

రెండు తోకలను పోల్చడం

అసలు పని ఇదే, తొందర పనికిరాని చోటూ ఇదే.

ముందు మొత్తం మీద తెలుపు ఎంతుందో చూడండి. హంప్‌బ్యాక్ తోకలను దాదాపు పూర్తి తెలుపు నుంచి దాదాపు పూర్తి నలుపు దాకా ఐదు రకాలుగా విడదీసే అలవాటుంది. మీది రెండో రకమైతే ఐదో రకం వైపు చూడాల్సిన పనే లేదు. తర్వాత రెండు తోక రెక్కలూ కలిసే మధ్య నొక్కును చూడండి: ‘వి’లా కోసుగా ఉందా, గుండ్రంగా ఉందా, ఒక పక్కకు వాలిందా? అక్కడినుంచి వెనక అంచు మీద వేలు పెట్టి నడిచినట్టు ఎడమ కొస దాకా, మళ్లీ కుడి కొస దాకా ఒక్కో గాటూ చూసుకుంటూ వెళ్లండి. మచ్చల సంగతి ఆఖర్న.

మచ్చల్లోనూ రకాలున్నాయి. పక్కపక్కనే సమాన దూరంలో గీరినట్టుండే గీతలు ఓర్కా పళ్ల గుర్తులు, ఏళ్ల తరబడి ఉండిపోతాయి. గుండ్రటి తెల్లటి రింగులు బార్నకిల్స్ అతుక్కుని ఊడిపోయిన చోట్లు. బార్నకిల్స్ అంటే పడవల అడుగున పట్టే గుల్లలు. అవి ఇవాళ ఉంటాయి, వచ్చే ఏడు ఉండకపోవచ్చు. అంటార్కిటికా నీళ్లలో తీసిన ఫోటోల్లో తోక పసుపు, గోధుమ రంగుల్లోకి తిరిగి ఉంటే కంగారుపడకండి. అది సూక్ష్మమైన నాచు పొర, వెచ్చటి నీళ్లకు వెళ్లాక పోతుంది. పిల్లల తోకల మీది రంగు మొదటి కొన్నేళ్లు మారుతుంది కాబట్టి వాటి విషయంలో అంచునే ఎక్కువ నమ్మాలి.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. 2016 నాటి ఫోటో ఒకటి, 2021 నాటిది ఒకటి. రెండింట్లో కుడి రెక్క మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చ ఉంది. మనసు అప్పుడే ‘దొరికింది’ అనేస్తుంది. ఆగండి. ఎడమ కొస 2016లో నిండుగా ఉంది, 2021లో ముక్క ఊడి ఉంది. ఇది అభ్యంతరం కాదు, మధ్యలో ఏ షార్కో ఓర్కానో కొరికి ఉండొచ్చు. కుడి అంచు మీద నొక్కు నుంచి మూడో పన్ను దగ్గర 2016లో లోతైన గాటుంది. 2021లో అదే చోట అంచు నున్నగా ఉంది, ఫోటో స్పష్టంగానే ఉంది, నీళ్లేమీ అడ్డు లేవు. ఇక్కడితో అయిపోయింది. రెండూ వేరు. ఊడిపోయిన కండ తిరిగి అంచు నిండేలా పెరగదు. గాయం కొత్తగా రావచ్చు గానీ, తెగిన అంచు అతుక్కోదు. అందుకే ప్రతి తేడా దగ్గరా అడగాల్సింది ఒకటే: కాలం ముందుకు నడిస్తే ఇది ఇలా మారగలదా?

పోలికలు వెతికితే పోలికలే దొరుకుతాయి. నేనైతే మొదట తేడాల కోసమే చూస్తాను. అవి ఎంత వెతికినా దొరక్కపోతే, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు గుర్తులు, అంటే నొక్కు ఆకారం, రెండు పక్కల గాట్లు, ఒక లోతు మచ్చ లాంటివి, కలిస్తేనే ‘అవును’ అంటాను. సగం తోక నీళ్లలో ఉన్న ఫోటోతో రెండు గుర్తులే కలిస్తే ‘కావచ్చు’ అని పక్కన పెడతాను.

తర్వాత ఇంకొకరికి చూపించండి. చూపించేటప్పుడు మీ జవాబు చెప్పొద్దు, ఏ సముద్రంలో తీశారో కూడా చెప్పొద్దు. దూరం తెలిస్తే మనిషి బుద్ధి రెండు రకాలుగా పెడదారి పడుతుంది. ‘ఇంత దూరం ఎలా వెళ్తుంది’ అని నిజమైన మ్యాచ్‌ను కొట్టేస్తాడు, లేదా రికార్డు దొరికిందన్న ఉత్సాహంలో తప్పుడు మ్యాచ్‌ను ఒప్పేసుకుంటాడు.

కాటలాగ్‌కి పంపడం

1970లలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్‌లో స్టీవెన్ కటోనా, ఆయన సహచరులు ఉత్తర అట్లాంటిక్ హంప్‌బ్యాక్‌ల తోకల కాటలాగ్ మొదలుపెట్టినప్పుడు ఉన్నవి ప్రింట్లు, కళ్లు మాత్రమే. ఒక్కో కొత్త తోకనూ పాతవాటన్నిటి పక్కనా పెట్టి చూడాలి. కాటలాగ్ పెరిగేకొద్దీ ఆ చాకిరీ మనిషి వల్ల అయ్యేది కాదు.

ఇప్పుడు టెడ్ చీజ్‌మన్ 2015లో మొదలుపెట్టిన హ్యాపీవేల్ అనే వేదిక ఉంది, ఎవరైనా ఫోటోలు పంపొచ్చు. ఫోటో ఎక్కించి, తేదీ, సమయం, మ్యాప్ మీద చోటు పెడితే కంప్యూటర్ పోలిక చూస్తుంది. మంచి హంప్‌బ్యాక్ ఫోటోల్లో దాని కచ్చితత్వం 97 నుంచి 99 శాతం అని 2021లో ప్రచురించారు. ‘మంచి ఫోటోల్లో’ అన్న మాట మరవకండి. మసకగా ఉన్నవాటితో అది తడబడుతుంది, చివరి మాట మనిషి కన్నుదే. మిగతా జాతులకు ఫ్లూక్‌బుక్ లాంటివి ఉన్నాయి. చోటు కచ్చితంగా తెలియకపోతే తెలిసినట్టు చుక్క పెట్టొద్దు. ‘ఈ అఖాతంలో ఎక్కడో’ అని రాయండి.

పాత ఫోటోలనూ పంపండి. బ్రెజిల్ అబ్రోలోస్ దగ్గర 1999లో కనబడిన ఒక ఆడ హంప్‌బ్యాక్ 2001లో మడగాస్కర్ పక్కన సెయింట్ మారీ దీవి దగ్గర కనబడింది. కనీసం 9,800 కిలోమీటర్లు. ఆ మడగాస్కర్ ఫోటో పరిశోధకులది కాదు, తిమింగలాలు చూడటానికెళ్లిన ఒక టూరిస్టుది. ఈ సంగతి ప్రచురితమైంది 2010లో. అంటే ఫోటో తీసిన తొమ్మిదేళ్లకు.

మ్యాచ్ రాకపోయినా నిరుత్సాహం అక్కర్లేదు. మీ తిమింగలానికి కొత్త నంబర్ వస్తుంది. తర్వాత ఇంకెవరైనా దాన్ని తీస్తే మీకు కబురొస్తుంది.

చుక్కల మధ్య గీత

మ్యాచ్ దొరికింది. ఇప్పుడు మీ దగ్గరున్నవి రెండు చుక్కలు. గీత మీది, తిమింగలానిది కాదు. ఈ తేడా మరిచిపోయి రాసినవి చాలా చూశాను.

దూరం కొలిచేటప్పుడు చదునైన మ్యాప్ మీద స్కేలు పెట్టకండి. గ్లోబు మీద దారం లాగి పట్టుకున్నట్టు, భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే కాలిక్యులేటర్ వాడండి. వచ్చిన అంకె ముందు ‘కనీసం’ అన్న మాట తప్పకుండా పెట్టండి. మొదట్లో చెప్పిన 13,046 కిలోమీటర్ల గీతనే చూడండి. కొలంబియా నుంచి జాంజిబార్‌కి దారం లాగితే అది దక్షిణ అమెరికా మీదుగా, మధ్య ఆఫ్రికా మీదుగా పోతుంది. తిమింగలం అడవుల్లో ఈదదు కదా! అది నిజంగా ఈదిన దూరం ఇంకా చాలా ఎక్కువే.

కాలం లెక్క కూడా జాగ్రత్త. అదే తిమింగలం విషయంలో ‘తొమ్మిదేళ్ల ప్రయాణం’ అనాలనిపిస్తుంది. కానీ పాత చోట ఆఖరిసారి కనబడింది 2017లో. కాబట్టి సముద్రం మారడానికి పట్టింది ఐదేళ్లు, లేదా అంతకంటే తక్కువ. లెక్క ఎప్పుడూ పాత చోట చివరి ఫోటో నుంచి, కొత్త చోట మొదటి ఫోటో దాకా. ఆ మధ్యలో అది ఎన్ని వేసవులు అంటార్కిటికా వైపు మేతకు వెళ్లిందో, ఎక్కడ దారి మళ్లిందో ఫోటో చెప్పదు. అలాంటివి తెలియాలంటే శాటిలైట్ ట్యాగే కావాలి. ట్యాగ్ సాధారణంగా వారాలో నెలలో పనిచేసి ఊడిపోతుంది, మచ్చలు మాత్రం దశాబ్దాలు నిలుస్తాయి. రెండింటికీ వేర్వేరు పనులు.

వేగం సాధ్యమా కాదా అని ఒకసారి సరిచూసుకోండి. అలాస్కా నుంచి హవాయికి, దాదాపు 4,500 కిలోమీటర్లు, ఒక హంప్‌బ్యాక్ 39 రోజుల్లో వెళ్లినట్టు ఫోటోల ద్వారానే తేలింది. అంటే రోజుకు 115 కిలోమీటర్ల దరిదాపు. మీ లెక్కలో రోజుకు 400 వస్తే సంబరపడకండి, ముందు కెమెరా తేదీ చూసుకోండి.

ఒకే మ్యాచ్‌తో ‘ఈ తిమింగలాలు అక్కడికి వలస వెళ్తాయి’ అని కూడా రాయలేం. గాలపగోస్‌లో 1998లో, చిలీ దక్షిణాన కొర్కొవాడో అఖాతంలో 2006లో కనబడిన ‘ఇసబెలా’ అనే నీలి తిమింగలం ఉంది. 5,200 కిలోమీటర్లకు పైగా దూరం, ఫోటోతో పాటు డీఎన్ఏ కూడా కలిసింది. అంత గట్టి ఆధారంతో కూడా చెప్పగలిగింది ఒక జంతువు గురించే. ఇంకొకటి, ఇంకొకటి కలుస్తూ పోతేనే అది దారి అవుతుంది. అలాగే ఒక చోట కనబడలేదంటే అక్కడ లేదని కాదు, ఆ రోజు అక్కడ కెమెరా లేకపోయి ఉండొచ్చు.

దాచుకోవడం

ఫైల్ పేరులోనే తేదీ, సమయం, జంతువు వరస సంఖ్య ఉండేలా పెట్టుకోండి. నోట్ పుస్తకం పేజీలను ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి. అసలు ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. అలాస్కాలో 1972లో ఫిల్మ్ మీద ఎక్కిన ‘ఓల్డ్ టైమర్’ అనే హంప్‌బ్యాక్ 2024లో మళ్లీ కనబడింది. ఆ పాత ఫోటోను ఎవరో అన్నేళ్లూ జాగ్రత్తగా ఉంచారు కాబట్టే అదే జంతువని తెలిసింది. మీ హార్డ్ డిస్క్ అన్నేళ్లు బతకదు. ఏడాదికోసారి తెరుచుకుంటోందో లేదో చూసి, మొరాయించకముందే ఇంకోదానిలోకి ఎక్కించేయండి.